రెండు అడుగుల పది అంగుళాలు

గురజాలలో కాలువల ఆఫీసు ఒక అద్దె మేడలో ఉండేది. కింద ఇంజనీరు గారి గది, ఓవర్సీర్లు కూర్చునే వరండా. పైన నాపరాళ్ళ కప్పు కింద పటాలు గీసే హాలు. అరవై మూడు ఎండాకాలంలో, పందొమ్మిదేళ్ళ వయసులో, నేను ఆ హాల్లో ఉద్యోగానికి చేరాను. నా పోస్టు పేరు కంప్యూటర్. అప్పట్లో ఆ మాటకు కూర్చుని లెక్కలు కట్టే మనిషి అని అర్థం. ఎస్సెల్సీలో నాకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. మా నాన్న మిషను బళ్ళలో ముప్పై ఏళ్ళు పంతులుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. ఇంట్లో ఇంకెవరికీ పని లేదు. ఇదంతా అర్జీలో రాశాను. ఉద్యోగం ఇచ్చారు.

ఆ హాల్లో నేనొక్కదాన్నే ఆడపిల్లను. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు నా బల్ల తన బల్ల పక్కనే వేయించారు. ఆయనది నరసరావుపేట. అన్నదమ్ములందరూ బజారులో బట్టల కొట్లు నడుపుతుంటే ఆయనొక్కరే కొట్టు వదిలి పెన్సిలు పట్టుకున్నారు. మెల్లగా మాట్లాడేవారు. మొదటి రోజు ఆయన నా బల్ల మీద బరువైన నల్లటి ఇనుప యంత్రం ఒకటి పెట్టించి, దాని మీది గుడ్డ తీశారు.

దాని వీపు మీద నిలువు గాళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్కో గాడిలో ఒక్కో మీట. మీటను సున్న నుంచి తొమ్మిది దాకా ఎక్కడ కావాలంటే అక్కడ నిలపవచ్చు. పక్కన పిడి. ముందుకు తిప్పితే కలుపుతుంది, వెనక్కి తిప్పితే తీస్తుంది. ముందు భాగంలో కిటికీల్లాంటి చిన్న సందుల్లో అంకెలు కనపడతాయి.

"దీనికి పావు, అర, ముప్పావు తెలియవమ్మా," అన్నారు ఆయన. "అన్నీ పాయింటుల్లోకి మార్చి పెట్టాలి. నువ్వు ఏది పెడితే అదే నమ్ముద్ది. తప్పు పెట్టావనుకో, ఆ తప్పును కూడా ఇంతే శ్రద్ధగా లెక్క కట్టి ఇచ్చుద్ది."

భిన్నాన్ని దానిలోకి ఎక్కించడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఎనిమిదింట ఐదు ఎంతో తెలియాలంటే, ముందు ఐదును కిటికీలోకి ఎక్కించాలి. తర్వాత మీటల మీద ఎనిమిది పెట్టి పిడి వెనక్కి తిప్పుతూ పోవాలి. తీయడానికి ఇక ఏమీ మిగలనప్పుడు లోపల గంట టింగుమంటుంది. అప్పుడు ఒక చుట్టు ముందుకు తిప్పి, కిటికీలున్న బండిని ఒక స్థానం పక్కకు జరిపి, మళ్ళీ వెనక్కి. అలా మూడుసార్లు గంట మోగాక ఆరు, రెండు, ఐదు వచ్చి నిలుస్తాయి. మూడింట ఒకటి చేయబోతే మూడులు వస్తూనే ఉన్నాయి, ఆగలేదు. "నాలుగు అంకెల దగ్గర ఆపేసేయ్. కాలువ తవ్వేవాడికి అంతకన్నా అక్కర్లా," అన్నారు డ్రాఫ్ట్స్‌మన్ గారు.

ఇంటికి వచ్చి నాన్నకు ఇదంతా చెప్పాను. నాన్న తన బళ్ళో పిల్లలకు పావు ఎక్కం, అర ఎక్కం, వీసం ఎక్కం నోటితో చెప్పించేవారు. పదహారో వంతులు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టే మనిషి. "ఇంత ఇనుముకి వీసం తెలియదా," అని చానాసేపు నవ్వుకున్నారు.

అంగుళాలను అడుగుల్లోకి మార్చే పట్టిక ఒకటి నేనే తయారుచేసి బల్ల ముందు గోడకు అంటించాను. మూడు అంగుళాలు పాయింటు రెండు ఐదు. ఆరు అంగుళాలు పాయింటు ఐదు. పది అంగుళాలు పాయింటు ఎనిమిది మూడు మూడు మూడు. నెల తిరిగేసరికి గోడ వైపు చూడవలసిన అవసరం లేకపోయింది. అన్నీ నోటికి వచ్చేశాయి.

వేగం కూడా వచ్చింది. రెండో ఏడు కింద వరండాలోని ఓవర్సీర్లు పైకి వచ్చి నేను మీటలు పెట్టడం చూసేవాళ్ళు. చదివేవాడు చదువుతుంటే నా వేళ్ళు ముందే అక్కడ ఉండేవి. ఒకసారి మాచర్ల నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు కూడా నిలబడి చూసి, "ఈ అమ్మాయి మిషను కన్నా స్పీడు," అన్నారు. ఆ మాట నేను నాన్నకు చెప్పాను, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను, అవకాశం దొరికితే ఇంకెవరికైనా చెప్పేదాన్ని.

డ్రాఫ్ట్స్‌మన్ గారు పెట్టిన నియమం ఒకటుండేది. ఎదుటివాడు చదివిన ప్రతి అంకెను మీట పెట్టే ముందు నేను తిరిగి చెప్పాలి. అతను ఔనంటేనే పిడి తిప్పాలి. నేను ఆ నియమం మానేశాను. ఎప్పుడు మానేశానో ఫలానా రోజని చెప్పలేను. తిరిగి చెబుతూ కూర్చుంటే పని సగమయ్యేది, అంతే.

మాచవరం వైపు పోయే ఒక పిల్లకాలువకు తూముల లెక్క మాకు వచ్చింది. తూము అంటే కాలువ గట్టులోంచి పొలాలకు నీరు వదిలే గొట్టం. దాని అడుగు రాయిని గడప అంటారు. కాలువ నిండుగా పారినప్పుడు నీరు నిలిచే గీత నుంచి ఈ గడప ఎంత కిందకు ఉండాలో ఒక్కో తూముకు ఒక్కో కొలత. కాలువ ఐదు వేల అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుతూ పోతుంది కాబట్టి ఆ వాలు భిన్నాన్ని దూరంతో గుణించి, నిండు గీతలోంచి తీసి, అందులోంచి మళ్ళీ గడప లోతు తీయాలి. మొత్తం పద్నాలుగు తూములు.

ఓవర్సీరు తన కొలతల పుస్తకం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రాళ్ళ కప్పు వేడి దిగుతోంది. అతను చదువుతున్నాడు, నేను పెడుతున్నాను. కొలతలన్నీ మట్టం చూసే దూరబీను పెట్టి చూసినవి, అడుగుల్లో, పాయింట్లలో ఉన్నాయి. రెండు పాయింటు ఏడు ఐదు. రెండు పాయింటు తొమ్మిది సున్న. కొన్ని తూముల తర్వాత అతను కూడా పాయింటు అనడం మానేశాడు. రెండు డెబ్భై, రెండు ఎనభై ఐదు. తొమ్మిదో తూము దగ్గర, "రెండు పది," అన్నాడు. నేను రెండు మీట, ఒకటి మీట, సున్న మీట పెట్టి పిడి తిప్పాను. పదోది చదివాడు. సాయంత్రం టీ రాకముందే పద్నాలుగూ అయిపోయాయి.

పట్టికలో చివర రెండు గళ్ళుంటాయి. ఒకదాంట్లో లెక్క కట్టినవాళ్ళ సంతకం, రెండోదాంట్లో మళ్ళీ కట్టి సరిచూసినవాళ్ళ సంతకం. నేను మొదటి గడిలో సంతకం పెట్టి డ్రాఫ్ట్స్‌మన్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన పై నుంచి కిందకు ఒకసారి చూసి, "నువ్వు చేశాక చూడాల్సిందేముందమ్మా," అంటూ రెండో గడిలో సంతకం పెట్టారు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ పిల్లకాలువ పోయే పల్లెల్లో ఒకటి నేను పెరిగిన ఊరు. నాన్న అక్కడి మిషను బళ్ళో తొమ్మిదేళ్ళు పనిచేశారు. మా ఇంటి పక్క ఇంటాయన్ను బాబాయి అని, ఆయన భార్యను పిన్ని అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, ఒకే చర్చి. బాబాయికి ఆరెకరాల మెట్ట పొలం ఉండేది. జొన్న, ఆముదం, వాన పడితే కంది. మేము గురజాల వచ్చేశాక కూడా కోర్టు పనికో సంతకో వస్తే మా ఇంట్లో అన్నం తినే పోయేవాడు.

కాలువ తవ్వకం వాళ్ళ ఊరి దాకా వచ్చినప్పుడు బాబాయి ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే వదిలి పైకెక్కాడు.

"నా పొలం ఏ తూము కిందకు వచ్చుద్దో చూసి చెప్పమ్మాయ్," అన్నాడు.

పటం తీసి సర్వే నంబరు వెతికి, తొమ్మిదో తూమని చెప్పాను. వేలు పెట్టి చూపించాను. ఆయన ఆ చోటు వైపు వంగి చూశాడు.

"దీని లెక్కంతా నువ్వే కట్టావా?"

"నేనే బాబాయి."

"ఇంకేం మరి," అన్నాడు. కిందకు దిగుతూ వరండాలో ఉన్నవాళ్ళకు, ఆ పైన యంత్రం దగ్గర కూర్చున్నది మా అన్న కూతురేనని చెప్పి వెళ్ళాడట.

అరవై ఏడులో కాలువలకు నీళ్ళు వచ్చాయి. మొదటి ఏడు గట్లు ఎట్లా తట్టుకుంటాయో చూడాలని కాలువలను కొన్నాళ్ళు నిండుగా వదిలారు. అన్ని తూములూ పారాయి. బాబాయి ఆ ఏడు ఏమీ వేయలేదు. పొలం చదును చేసుకున్నాడు, గట్లు పోసుకున్నాడు, ఆముదపు మోళ్ళు తవ్వి పారేశాడు. రెండో ఏడు వరి వేశాడు. ఆయన తాతల కాలం నుంచి ఆ పొలంలో వరి లేదు.

రెండో ఏడు నీళ్ళు వంతుల మీద ఇచ్చారు. కాలువలో నిండు గీతకు రెండున్నర అడుగుల కిందనే నీరు పారేది. ఎనిమిదో తూము పారింది. పదో తూము పారింది. తొమ్మిదో దాంట్లోకి చుక్క ఎక్కలేదు.

బాబాయి అర్జీ పట్టుకుని వచ్చాడు. ఇంజనీరు గారు వరండాలోనే నిలబడి చదివారు. నేను అప్పుడు ఏదో కాగితం కోసం కిందకు వచ్చి ఉన్నాను.

"నీ పొలం మెరకయ్యా," అన్నారు ఇంజనీరు గారు. "మెరకకి నీళ్ళెట్టా ఎక్కుతాయి?"

"పొలం దాకా రాట్లేదండి. తూములోకే ఎక్కట్లా," అన్నాడు బాబాయి. "నేను కాలవలో దిగి చూశా. పక్క తూముల గడప కన్నా మా గడప జానెడు పైకుంది."

"ఆఫీసు లెక్కలు జానలతో కట్టరు. పో, వంతు పెరిగినప్పుడు వస్తాయి."

బాబాయి నా వైపు చూశాడు. నేను ఏదైనా అంటానని చూశాడో, ఊరికే చూశాడో తెలియదు. నేను కాగితం తీసుకుని మెట్లెక్కాను.

జానెడు అన్న మాట మనసులోంచి పోలేదు. సాయంత్రం అందరూ లేచాక పాత పట్టిక బయటికి తీశాను. వరసలో అన్నీ రెండుముప్పావు ప్రాంతంలో ఉన్నాయి, తొమ్మిదోది ఒక్కటే రెండు పాయింటు ఒకటి సున్న. బీరువాలోంచి ఓవర్సీరు కొలతల పుస్తకం వెతికి తీశాను. తొమ్మిదో తూము దగ్గర కింద రాతి పొర తగిలిందట. అందుకని అక్కడ దూరబీను వదిలి టేపుతో కొలిచాడు. పక్కన ఆ సంగతి రాశాడు కూడా. టేపు కొలత కాబట్టి అడుగులు, అంగుళాలు. రెండుకూ పదికీ మధ్య చుక్క లేదు, గీత ఉంది. చక్కటి దస్తూరీ. ఎవరు చూసినా రెండు అడుగుల పది అంగుళాలే అని చదువుతారు.

యంత్రం మీద గుడ్డ తీసి రెండు పాయింటు ఎనిమిది మూడు పెట్టి, అందులోంచి రెండు పాయింటు ఒకటి సున్న తీశాను. పాయింటు ఏడు మూడు. దాన్ని పన్నెండుతో గుణించాను. ఎనిమిదీ ముప్పావు అంగుళాలు. బల్ల మీద చెయ్యి చాచి నా జానను కొలకర్రతో కొలుచుకున్నాను. నాది చిన్న చెయ్యి. బాబాయి జానకు సరిగ్గా సరిపోయేది.

మర్నాడు డ్రాఫ్ట్స్‌మన్ గారికి చూపించాను. ఆయన పట్టికను, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా సంతకం ఉందమ్మా ఇక్కడ," అన్నారు.

"నాదీ ఉందండి."

"నువ్వు చిన్నదానివి. తప్పు పెట్టావంటే ఒక మెమో ఇచ్చి వదిలేస్తారు. సరిచూశానని పెట్టింది నేను. చూడకుండా పెట్టానని తేలుద్ది. రెండు నెలల్లో నా రిటైర్మెంటు. ఇరవై తొమ్మిదేళ్ళల్లో నా మీద ఒక్క కాగితం లేదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఇంజనీరు గారు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు నేనే చెప్తా. కాస్త ఆగు," అన్నారు.

నేను ఆగాను. నిజం చెప్పాలంటే ఆయన ఆగమన్నందుకు నాకు ఊరట కలిగింది. చెప్పవలసిన బాధ్యత ఆయన మీదకు పోయిందనుకున్నాను. రోజూ పొద్దున ఆయన ముఖం చూసేదాన్ని. ఆయన తల వంచుకుని గీతలు గీసుకునేవారు. నాలుగు రోజులు, ఐదు రోజులు, వారం. ఆ వారమంతా వాన లేదు. నాన్న, "మీ బాబాయి వరి వేశాడంటగా, ఎట్టా ఉందో ఏమో," అన్నారు ఒకసారి. నాకు తెలియదన్నాను.

తొమ్మిదో రోజు బాబాయి పట్టపగలు గడ్డపలుగు తీసుకుని కాలువలో దిగి తూము గడప రాయిని పగలగొట్టాడు. ఎవరూ చూడకుండా చేయాలని కూడా అనుకోలేదు. కాలువ కాపలా కాసే లస్కరు వచ్చి వద్దన్నాడు. "జానెడు తీసి పోతా, నువ్వు పోయి చెప్పుకో," అన్నాడట. లస్కరు పలుగు పట్టుకోబోయాడు, పెనుగులాటలో కాలువ రాళ్ళ మీద పడి అతని మోచెయ్యి విరిగింది. దాంతో సర్కారు కట్టడం పగలగొట్టడం ఒక కేసు, సర్కారు మనిషిని గాయపరచడం ఇంకో కేసు. ఆ సాయంత్రానికి బాబాయిని గురజాల తెచ్చారు. సబ్‌జైలు మా ఆఫీసుకు నాలుగు ఇళ్ళ అవతల.

ఆ రోజున అయినా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. అప్పటిదాకా నా తప్పు ఒక అంకె. ఇప్పుడు దాని వెనక విరిగిన చెయ్యి ఉంది, పోలీసులు ఉన్నారు. పేరు బయటికి వస్తే నన్ను కూడా కోర్టులో నిలబెడతారని భయపడ్డాను. ఉద్యోగం పోతే ఇల్లెట్టా గడుస్తుందని భయపడ్డాను. ఇంకా ఏవేవో అనుకున్నాను. అవన్నీ ఒట్టి సాకులని అప్పుడే తెలుసు.

నాన్న రోజూ సబ్‌జైలుకు వెళ్ళి బాబాయిని చూసి వచ్చేవారు. జామీనుకు మనుషులను వెతుకుతూ తిరిగేవారు. నన్ను రమ్మని ఒక్కసారే అడిగారు. పని ఉందన్నాను.

నాలుగో రోజు పొద్దున ఆఫీసుకు వెళుతుంటే సబ్‌జైలు గోడ నీడన పిన్ని కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ కట్టిన గిన్నె. తొమ్మిదింటికి గానీ లోపలికి పోనివ్వరట. తెల్లవారుజామున ఊళ్ళో బయల్దేరి నడిచి, బస్సెక్కి వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏమే అమ్మాయ్, మీ ఆఫీసోళ్ళు ఏమంటన్నారే?" అంది. "మీ బాబాయి మొరటోడే, నేను కాదన్ను. కానీ అబద్ధం ఆడడమ్మా. ఆ గడప నిజంగానే పైకుంది. నేను కూడా దిగి చూశా. ఆ సంగతి నువ్వైనా మీ ఇంజనీరుకి చెప్పరాదూ. నువ్వు చెప్తే వింటాడు."

సరే పిన్ని అన్నాను. నేరుగా ఆఫీసుకు వెళ్ళి, యంత్రం మీది గుడ్డ కూడా తీయకుండా, తెల్ల కాగితం మీద జరిగిందంతా రాశాను. తొమ్మిదో తూము కొలత అంగుళాల్లో ఉండగా పాయింట్లుగా పెట్టానని, అందువల్ల గడప ఎనిమిదీ ముప్పావు అంగుళాలు పైన కట్టబడిందని, ఇది పదమూడు రోజుల కిందటే నాకు తెలిసిందని. డ్రాఫ్ట్స్‌మన్ గారి పేరు ఎత్తలేదు. కాగితం చేతిలో పట్టుకుని ఆయన బల్ల ముందు ఆగి, "ఇచ్చేస్తున్నానండి," అన్నాను. ఆయన తల ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు.

ఇంజనీరు గారు కాగితం రెండుసార్లు చదివారు. నేను ఊహించినట్టు కేకలు వేయలేదు.

"ఇది ఎవరికైనా చూపించావా?"

"లేదండి."

"పదమూడు రోజులని రాయకుండా ఉండాల్సింది," అంటూ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకున్నారు. "నువ్వు పైకి పో. నేను చూసుకుంటా."

చూసుకున్నారు. వారంలో మేస్త్రీలు వెళ్ళి గడప తీసి జానెడు కిందకు దించి కట్టారు. అక్కడ నేల తీరును బట్టి మార్పు చేశామని ఫైల్లో రాశారు. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. నా కాగితం ఆ ఫైల్లోకి ఎన్నడూ చేరలేదు. ఆఫీసు తరఫున పట్టుదల లేదని కబురు వెళ్ళాక కోర్టులో బాబాయి దగ్గర మంచి నడవడికకు ముచ్చలికా, అంటే హామీపత్రం, రాయించుకుని వదిలేశారు. జైల్లో పదకొండు రోజులున్నాడు. లస్కరు చెయ్యి అతుక్కుంది కానీ పూర్తిగా చాపలేకపోయేవాడు. అతను తర్వాత కూడా మా ఆఫీసుకు వచ్చేవాడు. ఎడమ చేత్తో నమస్కారం పెట్టేవాడు. అతనికి నేను ఏమీ చెప్పలేదు.

డ్రాఫ్ట్స్‌మన్ గారికి రెండు నెలల తర్వాత దండ వేసి వీడ్కోలు ఇచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళు మచ్చ లేని సర్వీసని ఇంజనీరు గారు మాట్లాడారు. వెళ్ళేముందు ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి యంత్రం మీది దుమ్ము వేలితో తుడిచి వెళ్ళిపోయారు.

బాబాయి విడుదలైన సాయంత్రం నేను నాన్నకు చెప్పాను. అంతా విన్నారు. "నేను నీ చేత రెండోసారి చెప్పించి గానీ లెక్క దిద్దలా ఎప్పుడూ," అన్నారు. తర్వాత, "ఆదివారం పోదాం. చెప్పేది నువ్వే. నేను పక్కన ఉంటా గానీ నోరెత్తను," అన్నారు.

ఆదివారం బస్సు దిగి పొలాల గట్ల మీదుగా నడిచి వెళ్ళాం. తూము పారుతోంది. పొలంలో మాత్రం వరి ఎండి గడ్డి అయిపోయింది. గేదెలు మేస్తున్నాయి. బాబాయి ఇంటి ముందు పందిరి కింద పగ్గం పేనుతున్నాడు. నాన్నను చూసి లేచి మంచం వాల్చాడు. పిన్ని మజ్జిగ తెచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పాను.

"బాబాయి, ఆ గడప లెక్క తప్పు పెట్టింది నేనే."

ఆయన చేతిలో పగ్గం ఆగింది. "తెలిసేట్టు చెప్పు."

కింద కూర్చుని పుల్లతో నేల మీద ఒక గీత గీశాను. ఇది అడుగు. దీన్ని పన్నెండు ముక్కలు చేస్తే అంగుళాలు. యంత్రం పన్నెండు ముక్కలు చేయదు, పది చేస్తుంది, ఆ పదిలో ఒక్కోదాన్ని మళ్ళీ పది చేస్తుంది. నేను పది అంగుళాలు పెట్టాల్సిన చోట ఆ చిన్న ముక్కలు పది పెట్టాను. ఆయన వంగి శ్రద్ధగా చూశాడు. ఒకచోట మళ్ళీ చెప్పించుకున్నాడు.

"అర్థమైంది," అన్నాడు. "నేను ఆఫీసుకొచ్చి జానెడు పైకుందన్ననాడు ఇది నీకు తెలుసా?"

"అప్పుడు తెలియదు. ఆ సాయంత్రం చూశాను."

"ఆ సాయంత్రమే?"

"ఊఁ."

"నేను పలుగు పట్టింది ఎన్నాళ్ళకి?"

"తొమ్మిది రోజులకి."

ఆయన పగ్గం మళ్ళీ పేనడం మొదలుపెట్టి, రెండు పురులు వేసి ఆపేశాడు.

"లెక్క తప్పింది. అది సరే. మనిషన్నాక తప్పుద్ది. నేను కూడా ఒక ఏడు కంది అనుకుని ఇంకోటి చల్లా. ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పు. ఏం చేశావు?"

డ్రాఫ్ట్స్‌మన్ గారి పేరు నోటి దాకా వచ్చింది, మింగేశాను. నాన్న మాట ప్రకారం నోరెత్తలేదు, నేల వైపు చూస్తూ కూర్చున్నారు.

పిన్ని గడపలో నిలబడి ఉంది. "ఆ పొద్దు జైలు గోడ కాడ నేను నిన్ను బతిమాలానమ్మా," అంది. "నువ్వైనా చెప్పు అని నీకే చెప్పుకున్నా. అప్పుడు కూడా నా మొహం చూసి చెప్పలా నువ్వు." గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళిపోయింది. మేం ఉన్నంతసేపూ మళ్ళీ బయటికి రాలేదు.

బాబాయి మమ్మల్ని వెళ్ళిపొమ్మనలేదు. నాన్నకు మోకాలు నొప్పి కాబట్టి బస్సు ఆగే చోటి దాకా వచ్చాడు. నాన్న చెయ్యి పట్టుకుని గట్లు దాటించాడు. నేను వెనక నడిచాను. బస్సు వచ్చేదాకా వాళ్ళిద్దరూ వానల గురించి, ఊరి బడి కప్పు కారడం గురించి మాట్లాడుకున్నారు. బస్సు కదిలేటప్పుడు ఆయన, "ఉంటా అన్నా," అని నాన్నతో అన్నాడు.

తర్వాత ఆయన గురజాల వచ్చినప్పుడు మా ఇంటికి రావడం మానలేదు. నేను ఆఫీసులో ఉండే వేళ చూసుకుని వచ్చి నాన్నను పలకరించి పోయేవాడు. ఒకసారి సంతలో ఎదురయ్యాడు. "బాగున్నారా అండి," అన్నాడు నన్ను. చిన్నప్పుడు భుజాన వేసుకుని తిప్పిన మనిషి నోటి నుంచి ఆ 'అండి' విని, నిలబడి మాట్లాడలేక, తల ఊపి వచ్చేశాను.

నేను ఉద్యోగం మానలేదు. చదివిన అంకెను తిరిగి చెప్పడం మళ్ళీ మొదలుపెట్టాను. కొత్తగా వచ్చిన ఓవర్సీర్లు విసుక్కునేవాళ్ళు. ఈవిడ చానా నిదానమని అనేవాళ్ళు. ఎవరికీ కారణం చెప్పలేదు.

మరుసటి ఏడు పంటలు కోశాక బాబాయి పెద్దమ్మాయి పెళ్ళి జరిగింది. శుభలేఖ నాన్న పేరు మీద వచ్చింది. కుటుంబ సమేతంగా అని అచ్చులో ఉంది కానీ, చేత్తో ఇచ్చినప్పుడు ఆయన, "నువ్వు తప్పకుండా రావాలన్నా," అని మాత్రమే అన్నాడట. నాన్న ఒక్కరే వెళ్ళారు. సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చి చొక్కా విప్పి వంకెకు తగిలించారు. చర్చిలో జనం పట్టలేదని, పందిరి బాగా వేశారని, పెళ్ళికొడుకు బొల్లాపల్లి వైపు బళ్ళో పంతులని చెప్పారు. నేను కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చాను.

"భోజనాలు బాగా జరిగాయా?" అని అడిగాను.

"జరిగాయి," అన్నారు. కాళ్ళు తుడుచుకుంటూ, "అన్నం ఆ పొలం వడ్లేనంట," అన్నారు.